బీబీసీ బ్రేక్‌ఫాస్ట్: బ్రిటన్ పొద్దుటి వార్తల గురించీ, వాటిని చదివేవారి గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

బీబీసీ బ్రేక్‌ఫాస్ట్ ఎలాంటి కార్యక్రమం? ఎన్ని గంటలకు వస్తుంది?

బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీ తన ప్రధాన ఛానల్ బీబీసీ వన్‌లో వారంలో ఏడు రోజులూ ఉదయం 6 గంటలకు ప్రారంభించే వార్తా కార్యక్రమం ఇది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదిన్నర వరకు నడుస్తుంది. శని, ఆదివారాల్లో ముగింపు వేళ మారుతూ ఉంటుంది. భారత కాలమానం ప్రకారం చలికాలంలో 11:30కి మొదలవుతుంది. వేసవిలో అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు 10:30కే వస్తుంది. ఇద్దరు యాంకర్లు ఎర్ర సోఫా మీద కూర్చుని వార్తలు చదువుతారు, మంత్రులను ప్రశ్నిస్తారు, సినిమా నటులతో కబుర్లు చెబుతారు, మధ్యమధ్యలో వాతావరణం, ఆటలు, వ్యాపారం వచ్చి వెళుతుంటాయి. ఇప్పటి పేరుతో ఇది 2000 అక్టోబరు 2న మొదలైంది. అయితే దీని మూలాలు 1983లో ఉన్నాయి.

1983కు ముందు బ్రిటన్‌లో పొద్దున్నే టీవీ ఉండేది కాదా?

దేశమంతటికీ కలిపి రోజూ వచ్చేది ఉండేది కాదు. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ 'టుడే' కార్యక్రమాన్ని 1952 జనవరి 14నే మొదలుపెట్టింది. బ్రిటన్ ఆ తరువాత 31 ఏళ్లు ఆగింది. పొద్దున్నే టీవీ ముందు కూర్చోవడం మర్యాదస్తుల అలవాటు కాదన్న భావన ఒకటి అక్కడ బలంగా ఉండేది. తెల్లవారుజామున సిబ్బందిని రప్పించాలంటే అయ్యే ఖర్చు మరొక అడ్డంకి. వీటికి తోడు, 1957 నుంచి వస్తున్న బీబీసీ రేడియో 'టుడే' కార్యక్రమం ఉదయపు వేళను అప్పటికే తన సొంతం చేసుకుంది. 1977లో యార్క్‌షైర్, టైన్ టీస్ ప్రాంతీయ సంస్థలు కొన్ని వారాల పాటు ప్రయోగాత్మకంగా ఉదయపు కార్యక్రమాలు నడిపి ఆపేశాయి.

కదలిక వచ్చింది 1980 డిసెంబరులో. వాణిజ్య టీవీని నియంత్రించే సంస్థ, దేశవ్యాప్త ఉదయపు ప్రసారాల హక్కును టీవీ-ఏఎం అనే కొత్త కంపెనీకి ఇచ్చింది. అంతవరకు తొందరపడని బీబీసీ, వేరేవాళ్లు వచ్చేస్తున్నారని తెలిశాక మాత్రం వాళ్లకంటే ముందే తెర మీద ఉండాలని నిశ్చయించుకుంది. పోటీ ఉంటే తప్ప పని జరగదన్న మాటకు ప్రజా ప్రసార సంస్థలు కూడా మినహాయింపు కాదు.

మొదటి రోజు కార్యక్రమం ఎలా సాగింది?

1983 జనవరి 17, సోమవారం, ఉదయం 6:30కి పశ్చిమ లండన్‌లోని లైమ్ గ్రోవ్ స్టూడియోల నుంచి 'బ్రేక్‌ఫాస్ట్ టైమ్' ప్రారంభమైంది. క్రీడా కార్యక్రమాల ద్వారా ఇంటింటికీ తెలిసిన ఫ్రాంక్ బఫ్, పోటీ సంస్థ ఐటీఎన్‌లో రాత్రి వార్తలు చదువుతూ వచ్చిన సెలీనా స్కాట్, వారికి తోడుగా నిక్ రాస్ యాంకర్లు. బఫ్ కోటు, టై కాకుండా స్వెట్టర్ వేసుకుని కూర్చున్నారు. బీబీసీ నుంచి ఎవరూ ఊహించని సంగతి అది. ఆకుపచ్చ వ్యాయామ దుస్తులతో డయానా మొరాన్ కసరత్తులు చేయించేవారు. ఫ్రాన్సిస్ విల్సన్ వాతావరణం చెప్పేవారు. రస్సెల్ గ్రాంట్ అనే జ్యోతిష్కుడు రాశిఫలాలు చెప్పేవారు. పొద్దున టీవీ పెట్టగానే రాశిఫలాలు వినడానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకులకు ఇందులో వింత కనిపించదు గానీ, బీబీసీ వార్తా విభాగం వాటిని ప్రసారం చేయడం అప్పట్లో చాలామంది బ్రిటిష్ విమర్శకులకు మింగుడుపడలేదు.

అంతమంది ప్రముఖులున్న టీవీ-ఏఎం ఎందుకు తడబడింది?

టీవీ-ఏఎం రెండు వారాల తరువాత, 1983 ఫిబ్రవరి 1న వచ్చింది. డేవిడ్ ఫ్రాస్ట్, మైకేల్ పార్కిన్సన్, ఏంజెలా రిపన్, ఆనా ఫోర్డ్, రాబర్ట్ కీ అనే ఐదుగురు మహా ప్రసిద్ధులు దాని యాంకర్లు, పైగా వాటాదారులు కూడా. అమెరికాలో బ్రిటన్ రాయబారిగా పనిచేసిన పీటర్ జే దాని అధిపతి. ప్రేక్షకుడికి సంఘటనను అర్థం చేయించడమే వార్తల పని అన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం గొప్పదే. కానీ పిల్లల బడి సంచీ సర్దుతూ, ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను టీవీ మీద వేసే మనిషికి ఆ వేళలో పాఠం వినే తీరిక ఉండదు. గంభీరమైన సంస్థగా పేరున్న బీబీసీ స్వెట్టర్ వేసుకుని సోఫా మీద కూర్చుంటే, వినోదానికి పేరుపడిన వాణిజ్య టీవీ గంభీరంగా కూర్చుంది. ప్రేక్షకులు బీబీసీ వైపు వెళ్లారు, ప్రకటనలు రాలేదు, మార్చిలోనే పీటర్ జే తప్పుకోవలసి వచ్చింది.

ఆ తరువాత రిపన్, ఫోర్డ్‌లను తొలగించారు. కంపెనీ పగ్గాలు చేపట్టి ఉన్న జోనాథన్ ఐట్‌కెన్ ముఖం మీద ఒక విందులో ఆనా ఫోర్డ్ గ్లాసులోని వైన్ విసిరిన సంఘటన బ్రిటిష్ టీవీ చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునేదే. చివరకు టీవీ-ఏఎంను నిలబెట్టింది ఆ ఐదుగురు కాదు. అంతగా పేరులేని ఆన్ డైమండ్, నిక్ ఓవెన్ జంట, వారితో పాటు రోలండ్ రాట్ అనే ఎలుక బొమ్మ కలిసి దాన్ని గట్టెక్కించారు. మునుగుతున్న ఓడలోకి ఎలుక ఎదురెక్కి వచ్చిందని అప్పట్లో హాస్యమాడేవారు. తరువాత లాభాల బాట పట్టిన ఆ కంపెనీ, 1991లో జరిగిన హక్కుల వేలంలో సుమారు 1 కోటి 41 లక్షల పౌండ్లు పాడి, 3 కోట్ల 46 లక్షలు పాడిన ప్రత్యర్థి చేతిలో ఓడిపోయింది. 1992 డిసెంబరు 31తో మూతపడింది.

సోఫాకు అంత ప్రాధాన్యం ఏమిటి? వార్తలు బల్ల వెనుక కూర్చుని చదివితే కాదా?

ఈ కార్యక్రమం నలభై ఏళ్ల చరిత్రంతా ఒక విధంగా సోఫాకూ బల్లకూ మధ్య జరిగిన పోరే. 1983లో సోఫా గెలిచింది. 1986 నవంబరులో బీబీసీ మనసు మార్చుకుని, సోఫా తీసేసి, బల్లలు వేసి, వార్తల పాలు పెంచింది. 1989 అక్టోబరు 2న పేరు కూడా 'బ్రేక్‌ఫాస్ట్ న్యూస్' అయింది, కబుర్లు దాదాపు మాయమయ్యాయి. సరిగ్గా పదకొండేళ్లకు, 2000 అక్టోబరు 2న, ఇప్పటి 'బ్రేక్‌ఫాస్ట్' జెరెమీ బోవెన్, సోఫీ రావర్త్‌లతో మొదలైనప్పుడు సోఫా తిరిగి వచ్చింది, ఇప్పటికీ ఉంది.

సోఫా ఉంటే వార్త తేలికైపోతుందన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. ఈ వ్యాస రచయిత దాన్ని అంగీకరించడు. పరీక్ష జరిగేది పెద్ద వార్త పడిన ఉదయాన. 1984 అక్టోబరు 12 తెల్లవారుజామున దాదాపు 3 గంటలకు బ్రైటన్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ బస చేసిన గ్రాండ్ హోటల్‌లో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ పెట్టిన బాంబు పేలింది. శిథిలాల కింద నుంచి మంత్రి నార్మన్ టెబిట్‌ను అగ్నిమాపక సిబ్బంది బయటికి లాగుతున్న దృశ్యాలను దేశం చూసింది రాశిఫలాలు చెప్పే అదే 'బ్రేక్‌ఫాస్ట్ టైమ్'లో. ఘటనాస్థలంలో కెమెరా ఉండటం, ఆ బొమ్మ తెర మీదికి చేరే ఏర్పాటు ఉండటం, ఇంతసేపూ నవ్వుతూ మాట్లాడిన యాంకర్ ఒక్క క్షణంలో స్వరం మార్చుకోగలగటం ముఖ్యం. కూర్చున్నది బల్ల వెనుకా, మెత్తటి ఆసనం మీదా అన్నది ఆ తరువాతి మాట.

ప్రస్తుతం యాంకర్లు ఎవరు?

ఇటీవలి ఏర్పాటు ప్రకారం వారం మొదట్లో జాన్ కే, శాలీ న్యూజెంట్. వారం చివర్లో చార్లీ స్టేట్, నాగా మంచెట్టి. ఆదివారాలు, సెలవుల్లో ఇతరులు వంతులవారీగా కూర్చుంటారు. స్టేట్ 2006 నుంచీ ఉన్నారు. న్యూజెంట్ 2021లో, కే 2022లో ప్రధాన యాంకర్లయ్యారు. నాగా మంచెట్టి లండన్‌లో పుట్టి పెరిగారు. కుటుంబ మూలాలు మారిషస్‌లోనూ, భారతదేశంలోనూ ఉన్నాయి. అంతకుముందు వారిలో డెర్మట్ మర్నహన్, నటాషా కప్లిన్‌స్కీ, బిల్ టర్న్‌బుల్, షాన్ విలియమ్స్, సుసానా రీడ్, లూయీజ్ మిన్చిన్, డాన్ వాకర్ ఎక్కువమందికి గుర్తుంటారు.

ఇద్దరు యాంకర్లలో ఎవరు ఏ పక్కన కూర్చుంటారన్నది కూడా వివాదమైందని విన్నాము. నిజమేనా?

నిజమే. బయటివారికి ఇది చిన్న విషయంగా తోస్తుంది కానీ టీవీ పరిశ్రమలో దీనికి లెక్క ఉంది. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే ఎడమ చేతి పక్కన ఉన్న ఆసనం పెద్దవారిదని, అంటే అనుభవంలో ముందున్నవారిదని ఒక సంప్రదాయం. 2016 ఫిబ్రవరిలో బిల్ టర్న్‌బుల్ వెళ్లిపోయాక ఆ ఆసనంలో కొత్తగా వచ్చిన డాన్ వాకర్ కూర్చున్నారు. ఏళ్ల తరబడి ఆ సోఫా మీద ఉన్న లూయీజ్ మిన్చిన్ కుడి పక్కనే ఉండిపోయారు. పత్రికలు వెంటనే పట్టుకున్నాయి. ఆ ఆసనానికి పెద్దరికంతో సంబంధం లేదని బీబీసీ చెప్పింది. కార్యక్రమం తెరవగానే మొదటి పలకరింపు ఎవరిది, మొదటి రాజకీయ ఇంటర్వ్యూ ఎవరి చేతికి వెళుతుంది అన్న లెక్కలు మిన్చిన్ తరువాత బహిరంగంగానే ప్రస్తావించారు. ఆ మాటలు వృథా పోలేదనే అనుకోవాలి. ఇప్పటి జంటలను గమనిస్తే హెడ్‌లైన్లూ, ఇంటర్వ్యూలూ చెరిసగంగా పంచుకోవడం కనిపిస్తుంది.

2017లో బీబీసీ మొదటిసారిగా ఏడాదికి లక్షా 50 వేల పౌండ్లకు మించి తీసుకుంటున్న తన ప్రముఖుల జీతాల జాబితాను ప్రకటించినప్పుడు అందులో మూడింట రెండు వంతులు పురుషులే ఉండటం కూడా ఇదే చర్చను పెద్దది చేసింది.

యాంకర్లు ఎన్ని గంటలకు లేస్తారు? తెర వెనుక ఏమి జరుగుతుంది?

తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య లేవడం సాధారణం. స్టూడియోకు చేరాక రాత్రి షిఫ్టు వారు సిద్ధం చేసిన రన్‌డౌన్ చూస్తారు, అంటే ఏ వార్త తరువాత ఏది, దేనికి ఎన్ని నిమిషాలు అన్న పట్టిక. వచ్చే అతిథుల గురించి నోట్సు చదువుతారు, తాము పలకబోయే వాక్యాలను తమ నోటికి తగ్గట్టు సరిచేసుకుంటారు, మేకప్ చేయించుకుంటారు. టెలిప్రాంప్టర్ మీద కనిపించేది హెడ్‌లైన్లకు, వార్తా పరిచయాలకే సరిపోతుంది. ఇంటర్వ్యూ మొదలయ్యాక అంతా సొంత తెలివి మీదే.

చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. అతిథి కన్నీళ్లతో ఏదో చెబుతుండగా, ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ గది (పీసీఆర్) నుంచి 'ఇంకా నలభై సెకన్లు' అనో, 'తరువాతి అతిథి లైన్ తెగింది, సాగదీయండి' అనో వినపడుతుంది. ముఖంలో ఆ సంగతి కనపడనీయకుండా, ఎదుటివారి మాట తప్పిపోకుండా, సరిగ్గా నలభయ్యో సెకనుకు మర్యాదగా ముగించాలి. వాణిజ్య ఛానల్ అయితే ప్రకటనల విరామంలో ఊపిరి పీల్చుకోవచ్చు. బీబీసీలో ప్రకటనలు లేవు. ప్రాంతీయ వార్తల కోసం ప్రసారం ఆయా కేంద్రాలకు మళ్లే కొన్ని నిమిషాలే వారికి దొరికే తెరపి. మంచినీళ్లు తాగాలన్నా అప్పుడే.

ఒకే వార్తను పదే పదే ఎందుకు చెబుతారు?

మూడున్నర గంటలూ కూర్చుని చూసేవారు తక్కువ, ఇరవై నిమిషాలో అరగంటో చూసి పనికి వెళ్లేవారే ఎక్కువ కాబట్టి. ఆరున్నరకు చూసినవారూ, ఎనిమిదింటికి చూసినవారూ ఇద్దరూ ముఖ్య వార్తలు, వాతావరణం, తమ ప్రాంతపు రోడ్ల పరిస్థితి తెలుసుకుని బయటపడాలి. ఉదయం మొదట్లో ఉద్యోగస్తుల కోసం వ్యాపార వార్తలు, ఏడు, ఎనిమిది మధ్య మంత్రులతోనూ ప్రతిపక్ష నాయకులతోనూ ముఖాముఖి, చివరి గంటలో సినిమా, సంగీతం, పుస్తకాలు రావడం కూడా ఆయా వేళల్లో ఇంట్లో మిగిలి ఉండే మనుషులను బట్టి వేసిన క్రమమే.

లండన్ వదిలి శాల్ఫర్డ్‌కు ఎందుకు మారింది?

బీబీసీ అంతా లండన్‌లోనే ఉంది, టీవీ చూడటానికి దేశమంతా లైసెన్సు రుసుము కడుతుంటే ఉత్తర ఇంగ్లండ్ మాట తెర మీద వినిపించదన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉంది. అందుకే మాంచెస్టర్ పక్కనున్న శాల్ఫర్డ్‌లో మీడియాసిటీ అనే ప్రాంగణానికి క్రీడలు, పిల్లల కార్యక్రమాలు, రేడియో 5 లైవ్‌తో పాటు దీనినీ తరలించారు. 2012 ఏప్రిల్ 10న అక్కడి నుంచి తొలి ప్రసారం వెలువడింది. షాన్ విలియమ్స్ లండన్ వదలలేక కార్యక్రమమే వదులుకున్నారు. మంత్రులు, నటులు శాల్ఫర్డ్ దాకా వస్తారా అని అప్పట్లో చాలామంది ఎద్దేవా చేశారు. నాయకులు చాలామటుకు లండన్ స్టూడియో నుంచే తెర మీద మాట్లాడుతున్న మాట వాస్తవం. ఎదురుగా కూర్చున్న మంత్రిని అడ్డుకున్నంత సులువుగా తెర మీది మంత్రిని అడ్డుకోలేము. ఆ మేరకు నష్టం జరిగింది. మరోవైపు 2024 జూన్‌లో బీబీసీ మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు కూడా శాల్ఫర్డ్‌కే తరలి వెళ్లాయి కాబట్టి, ఆ నిర్ణయం విఫలమైందని సంస్థ భావించడం లేదని స్పష్టమే.

యాంకర్లు తమ సొంత అభిప్రాయం చెప్పవచ్చా?

చెప్పకూడదు. అయితే గీత ఎక్కడ గీయాలన్నది అంత తేలిక కాదని 2019లో తేలింది. ఆ ఏడాది జూలైలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, నలుగురు మహిళా కాంగ్రెస్ సభ్యులను వచ్చిన చోటికే వెళ్లిపొమ్మన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించారు. జూలై 17న సోఫా మీద డాన్ వాకర్ అడిగితే, శ్వేతజాతికి చెందని మహిళగా తనకు అలాంటి మాట ఎదురైన ప్రతిసారీ దాని వెనుక జాతి వివక్షే ఉందని నాగా మంచెట్టి తన అనుభవం నుంచి చెప్పారు. ఒక ప్రేక్షకుడి ఫిర్యాదు మీద బీబీసీ అంతర్గత విభాగం సెప్టెంబరులో ఆమెను పాక్షికంగా తప్పుపట్టింది. అనుభవం చెప్పవచ్చు గానీ, ట్రంప్ ఉద్దేశాలను విమర్శించకూడదని దాని వాదన. తీవ్ర నిరసన రావడంతో, డైరెక్టర్ జనరల్ టోనీ హాల్ సెప్టెంబరు 30న ఆ తీర్పును కొట్టివేశారు. ప్రశ్న అడిగిన వ్యక్తిని వదిలి జవాబు చెప్పిన వ్యక్తినే పట్టుకోవడం అసలు పొరపాటని అనిపించక మానదు.

ప్రేక్షకులు ఫిర్యాదు చేయదలిస్తే మొదట బీబీసీకే చేయాలి. అక్కడ తృప్తి కలగకపోతే నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు వెళ్లవచ్చు.

'గుడ్ మార్నింగ్ బ్రిటన్'కూ దీనికీ తేడా ఏమిటి?

అది ఐటీవీలో 2014 ఏప్రిల్ 28 నుంచి వస్తున్న వాణిజ్య కార్యక్రమం. బీబీసీ సోఫా నుంచి వెళ్లిన సుసానా రీడే దాని ముఖ్య యాంకర్లలో ఒకరు. విచిత్రంగా అక్కడ యాంకర్లు బల్ల వెనుక కూర్చుంటారు, కానీ వాదనలకు పదునెక్కువ. పియర్స్ మోర్గన్ అక్కడ ఉన్న కాలంలో గొంతు చించుకోవడమే ఆకర్షణగా నడిచింది. ప్రిన్స్ హ్యారీ భార్య మేగన్ మార్కల్ మాటలను నమ్మనన్న ఆయన, 2021 మార్చి 9న తోటి ఉద్యోగి అలెక్స్ బెరెస్‌ఫర్డ్ నిలదీయడంతో ప్రత్యక్ష ప్రసారం మధ్యలో లేచి వెళ్లిపోయి, అదే రోజు ఉద్యోగమూ వదిలారు. ఆఫ్‌కామ్‌కు 57 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. ఆ సంస్థ మాత్రం నియమాల ఉల్లంఘన జరగలేదని తేల్చింది. అరుపులు ఇష్టపడేవారికి అది, ఇష్టపడనివారికి బీబీసీ.

బిల్ టర్న్‌బుల్‌ను ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు?

పదిహేనేళ్లు సోఫా మీద కనిపించిన మనిషి కాబట్టి, తేనెటీగలను పెంచే హాస్యప్రియుడు కాబట్టి, అన్నిటికీ మించి తన జబ్బును దాచుకోలేదు కాబట్టి. తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందని 2018 మార్చిలో ఆయన వెల్లడించారు. నటుడు స్టీఫెన్ ఫ్రై కొద్ది రోజుల ముందే తన సంగతి చెప్పి ఉన్నారు. ఆ తరువాతి నెలల్లో పరీక్షల కోసం, చికిత్స కోసం వచ్చే పురుషుల సంఖ్య గణనీయంగా పెరిగిందని ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ప్రకటించి, ఇద్దరికీ బహిరంగంగా కృతజ్ఞత తెలిపింది. రోజూ పొద్దున్నే ఇంట్లోకి వచ్చే ముఖం చెబితే ఆ మాట ఎంత దూరం వెళుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. టర్న్‌బుల్ 2022 ఆగస్టు 31న, 66వ ఏట కన్నుమూశారు.

ప్రత్యక్ష ప్రసారంలో పొరపాట్లు జరగవా?

జరుగుతాయి, అవే ఎక్కువమందికి గుర్తుంటాయి. 2018 కామన్వెల్త్ క్రీడల సమయంలో క్రీడా విలేకరి మైక్ బుషెల్, ఈతగాళ్లతో మాట్లాడటానికి కొలను మెట్లు దిగుతూ కాలు జారి మైకుతో సహా నీళ్లలో పడ్డారు. 2021లో చెల్సీ పూల ప్రదర్శన నుంచి వాతావరణం చెబుతున్న కరోల్ కిర్క్‌వుడ్‌ను, ఆమె చేతిలోని పట్టీకి కట్టి ఉన్న ఫ్లాష్ అనే కుక్క ఒక్కసారిగా గుంజి నేల మీద పడేసింది. స్టూడియోలో ఉన్న ఇద్దరూ కంగారుపడ్డారు గానీ, ఆమె నవ్వుతూ లేచి నిలబడ్డారు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువారు దీన్ని చూడాలంటే ఏం చేయాలి?

టీవీ లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో దాని ధర ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. టీవీ సెట్టు లేదు, ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూస్తున్నాము కదా అంటే కుదరదు. ఏ పరికరంలో చూసినా, బీబీసీ ఐప్లేయర్ వాడినా, ఏ ఛానల్‌నైనా ప్రసారమవుతున్న సమయంలోనే చూసినా లైసెన్సు తప్పనిసరి. మన తెలుగు వార్తా ఛానళ్లను ప్రత్యక్షంగా చూడటానికి కూడా ఇదే నియమం వర్తిస్తుందని చాలామంది విద్యార్థులకు తెలియదు. లైసెన్సు లేకుండా చూసి దొరికితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. ఇల్లంతా కలిపి ఒకే అద్దె ఒప్పందం మీద ఉంటున్నవారికి సాధారణంగా ఒక్క లైసెన్సు చాలు. గదికొక ఒప్పందం ఉంటే ఎవరిది వారు తీసుకోవాలి. బ్రిటన్ బయట ఐప్లేయర్ పనిచేయదు కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు బీబీసీ తన వెబ్‌సైటులోనూ, యూట్యూబ్‌లోనూ పెట్టే ఇంటర్వ్యూల భాగాలు చూడవచ్చు.